మంచు చెప్పిన సాక్ష్యము

వైశాఖమాసమున ఎండలు ముదిరి, రెంటచింతలలోనో రామగుండములోనో వేడిమి 45 డిగ్రీలు దాటినదని వార్తలలో వినవచ్చిన నాడు, రేడియో చెంత కూర్చున్న కుటుంబములలో ఒక చిన్న చర్చ బయలుదేరుట కద్దు. "మా చిన్నతనములో ఈ ఎండలెక్కడివి నాయనా!" అని నాయనమ్మ నిట్టూర్చును. "అప్పుడు నీకు వయసున్నది గనుక ఎండ తెలియలేదులే నాయనమ్మా" అని మనుమడు నవ్వును. అంతట చదువుకొన్న పెద్దకుమారుడు కలుగజేసికొని, "అమ్మా, భూమి ఎన్నడును ఒక్కతీరున ఉండలేదు. మనుష్యుడు బొగ్గు త్రవ్వుట నేర్వకమునుపే మంచుయుగములు వచ్చినవి, పోయినవి. నడుమ నడుమ ఇప్పటికంటె వెచ్చని కాలములును గడచినవి. అంతయు ప్రకృతిసహజము" అని తీర్పు చెప్పును.

ఈ పెద్దకుమారుని మాట త్రోసివేయదగినది కాదు. భూమియొక్క శీతోష్ణస్థితి మానవుని ప్రమేయము లేకయే పెక్కుమార్లు మారిన మాట నిజము. అయితే ఆ నిజమునుండి ఆయన తీసిన ఫలితార్థము, అనగా ఇప్పటి మార్పునుగూర్చి మనము కలత చెందనక్కరలేదనుట, సరియైనదేనా? ఇదియే మన ఈనాటి విషయము. నాయనమ్మ జ్ఞాపకము ఎనుబది ఏండ్లది. ఈ వ్యాజ్యెములో లక్ష ఏండ్లకు పైబడిన జ్ఞాపకముగల సాక్షి కావలయును. అట్టి సాక్షి ఉత్తరధ్రువమునకు చేరువనున్న గ్రీన్లాండు ద్వీపమునందలి మంచు. ఆ సాక్ష్యమును చదువబోయి శాస్త్రజ్ఞులు ఒకప్పుడు పొరపడుటయు, ఆ పొరపాటును తామే దిద్దుకొనుటయు వినదగిన కథ.

మొదట కొంత పూర్వరంగము. గత 8 లక్షల ఏండ్లలో, ఇంచుమించు లక్ష ఏండ్లకొకమారు, భూమి దీర్ఘమైన మంచుయుగములలో పడి లేచినది. అట్టి యుగము ముదిరినప్పుడు కెనడా దేశమును, ఉత్తర ఐరోపాయును రెండుమూడు కిలోమీటర్ల దళసరి మంచు క్రింద అణగియుండెను. అంత నీరు నేలపై గడ్డకట్టి నిలిచిపోవుటచే సముద్రము ఇప్పటికంటె సుమారు 120 మీటర్లు క్రిందికి దిగెను. ఒక మంచుయుగమునకును మరియొక మంచుయుగమునకును నడుమ కొన్నివేల ఏండ్ల వెచ్చని విరామము వచ్చును. మన వ్యవసాయము, మన పట్టణములు, మన లిపులు, మన రాజ్యములు అన్నియు అట్టి ఒక్క విరామములో పుట్టినవే. అది 11,700 ఏండ్ల క్రిందట మొదలైనది. దీనికి ముందటి వెచ్చని విరామము 1,29,000 ఏండ్ల క్రిందట మొదలై, 1,16,000 ఏండ్ల క్రిందట ముగిసినది. నెదర్లాండ్సు దేశమున ఈమ్ అను చిన్ననది పరిసరములలో నేలను తొలువగా, వెచ్చని సముద్రములలో బ్రతుకు గుల్లలు బయటపడినవి. ఆ నది పేరనే ఆ కాలమునకు ఈమియన్ కాలమని పేరు వచ్చినది.

ఈ రాకపోకలకు కారణమేమి? స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ క్రోల్ గ్లాస్గో నగరమున ఒక ప్రదర్శనశాలలో కావలిపని చేయుచు, అక్కడి గ్రంథాలయములో స్వయముగ చదివి, 1864లో ఒక సమాధానము ప్రకటించెను. సూర్యునిచుట్టు భూమి తిరుగు త్రోవ స్వల్పముగ మారుచుండుటయే మూలకారణమని ఆయన ఊహ. సెర్బియా గణితజ్ఞుడు మిలూటిన్ మిలాంకోవిచ్ ఆ లెక్కలను దశాబ్దములపాటు శ్రమించి పూర్తిచేసి, 1941లో గ్రంథముగ వెలువరించెను. భూకక్ష్య ఒకప్పుడు గుండ్రముగను, ఒకప్పుడు కొంత కోలగను ఉండును. ఈ మార్పునకు సుమారు లక్ష ఏండ్లు పట్టును. భూమి యిరుసు వంపు 41 వేల ఏండ్లకొకమారు కొంచెము హెచ్చి తగ్గును. వేగము తగ్గిన బొంగరమువలె ఆ యిరుసు తలద్రిప్పుచుండుటచే, ఏ ఋతువునందు భూమి సూర్యునికి చేరువగనుండునో అదియు ఇరువదివేల పైచిలుకు ఏండ్లలో మారివచ్చును. ఈ మూడును కలిసి ఉత్తరదేశముల వేసవియెండను పెంచినపుడు మంచు కరగును, తగ్గించినపుడు పేరుకొనును. సముద్రగర్భమునందలి బురదలో ఈ లయలే కనబడుచున్నవని హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను ముగ్గురు పండితులు 1976లో చూపిరి.

ఇక మంచు తన జ్ఞాపకమును ఎట్లు దాచుకొనునో చూతము. 1952 జూను మాసమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో వాన కురియుచుండగా, విల్లీ డాన్స్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు తన పెరటి పచ్చికలో ఒక ఖాళీ బీరుసీసా నిలిపి, దానిపై గరాటు పెట్టి వాననీరు పట్టెను. నీటిలోని ప్రాణవాయువునందు తేలిక పరమాణువులతోపాటు కొలదిగ బరువైనవియు ఉండును. తలపై బుట్టతో దూరము నడచువాడు బరువైన సరకును ముందుగ దించుకొన్నట్లు, మేఘము చల్లబడినకొలది బరువైన నీటిని ముందుగ రాల్చివేయును. కడకు అతిశీతల ప్రదేశమును చేరునప్పటికి దానిలో తేలికనీరే హెచ్చుగ మిగులును. కావున కురిసిన మంచులో బరువైన ప్రాణవాయువు ఎంత తక్కువయో నాడు చలి అంత ఎక్కువ. పాతమంచును ఇట్లు తూచినచో పాతకాలపు వేడిమి తెలియునని డాన్స్‌గార్డ్ 1954లోనే వ్రాసెను.

గ్రీన్లాండుపై ఏటేట కురిసిన మంచు కరగక, పొరమీద పొరగ పేరుకొని, పైబరువుచే గట్టిపడి, మూడు కిలోమీటర్ల మందమునకు చేరినది. ప్రతి పొరలోను ఆనాటి గాలి చిన్నచిన్న బుడగలుగ చిక్కుకొనియున్నది. బోరుబావి త్రవ్వినట్లు ఆ మంచును బోలుగొట్టముతో తొలిచి, అరటిబోదెవంటి మంచుకడ్డీలను పైకి తీసి చదువుట ఈ శాస్త్రపు పద్ధతి. 1966లో అమెరికావారు గ్రీన్లాండు వాయవ్యమున సుమారు 1,390 మీటర్లు తొలిచి, మొదటిమారు అడుగునేలను తాకిరి. ఆ మంచుకడ్డీని చదివినవారిలో డాన్స్‌గార్డ్ ముఖ్యుడు.

అసలు కథ 1990 తరువాతిది. గ్రీన్లాండు మంచుగుట్ట శిఖరమున ఐరోపా దేశములవారు ఒకచోట, అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున అమెరికావారు మరియొకచోట తొలువనారంభించిరి. ఐరోపావారు 1992లో 3,029 మీటర్ల లోతున, అమెరికావారు 1993లో 3,053 మీటర్ల లోతున అడుగు ముట్టిరి. ఐరోపావారు 1993లో ప్రకటించిన ఫలితములు లోకమును కలవరపెట్టినవి. ఈమియన్ వెచ్చని కాలము ప్రశాంతముగ సాగలేదట. నడుమ ఉన్నట్లుండి మంచుయుగమును తలపించు చలి దిగి, కొన్నిమార్లు కొన్ని దశాబ్దములు, కొన్నిమార్లు కొన్ని శతాబ్దములు నిలిచి, మరల వచ్చినట్లే పోయెనట. వెచ్చని కాలముల స్వభావమే ఇట్టిదైనచో, మన పదివేల ఏండ్ల నెమ్మదికి పూచీ ఏమున్నది? పంటలు, నగరములు, జనకోట్లు ఏ క్షణమున కూలునో తెలియని గట్టుమీద నిలిచియున్నట్లు గదా!

అయితే ప్రక్కనే రెండవ సాక్షి యున్నాడు. అమెరికావారి మంచును ఐరోపావారి మంచుతో పొరపొరగ పోల్చి చూడగా, పైనుండి పదింట తొమ్మిదిపాళ్లు రెండును ఒకేమాట చెప్పినవి. మంచుయుగము నడుమ వచ్చిన ఆకస్మిక మార్పులును అందు ఒకటొకటిగ సరిపోయినవి. అడుగున నున్న పదవపాలు మాత్రము పొంతన కుదరలేదు. ఈమియన్ కాలపు మంచు ఉన్నది సరిగ ఆ పదవపాలులోనే. మంచు గట్టిగ కనబడినను, తన బరువునకు తానే మెల్లగ ప్రవహించును. అడుగుననున్న ఎగుడుదిగుడు రాతిపై జారునపుడు పొరలు మడతలుపడి, పాతది పైకిని, కొత్తది క్రిందికిని చేరును. దారము తెగిన తాళపత్రగ్రంథమును ఎవరో ఆకులు తారుమారు చేసి మరల కట్టినచో, చదువువానికి కథానాయకుడు చచ్చి, పుట్టి, మరల చచ్చినట్లు కనబడును. ఈమియన్ కాలమున కనబడిన అల్లకల్లోలమునకు ఆధారమైన పొరల వరుసయే నమ్మదగినది కాదని తేలినది. రెండు బృందములవారును ఆ సంగతిని దాచక ప్రకటించిరి.

అంతటితో వారు ఊరకుండలేదు. మడతలు లేని మంచుకొరకు మరికొంత ఉత్తరమునకు పోయి, 1996 మొదలు తొలిచి, 2003లో 3,085 మీటర్ల లోతున అడుగు చేరిరి. అక్కడ భూగర్భపు వేడిమి మంచుపొరల అడుగును కరగించివేసినది. ఈమియన్ ఆరంభపు మంచు అట్లు పోయినను, 1,23,000 ఏండ్లనాటినుండి పొరలు చెదరక దొరకినవి. వాటిలో ఆ విరామపు చివరిభాగము నిలకడగ సాగి, చలి మెల్లమెల్లగ వేల ఏండ్లమీద దిగివచ్చినట్లు స్పష్టపడినది. తిరిగి 2008లో 14 దేశములవారు కలిసి వాయవ్యభాగమున తొలువనారంభించి, 2010లో 2,537 మీటర్ల లోతున రాతిని ముట్టిరి. అక్కడను అడుగున మడతలు లేకపోలేదు. కాని ఈ మారు వారు మరియొక ప్రతిని దగ్గర పెట్టుకొనిరి. అది దక్షిణధ్రువపు మంచు. గాలి లోకమంతట ఒక్కటియే గనుక, ఒక కాలపు బుడగలు ఉత్తరమున ఎట్లున్నవో దక్షిణమునను అట్లే యుండును. బుడగలను పోల్చి, చెదరిన ఆకులను వరుసకు తెచ్చి, 2013లో ఈమియన్ కథను ఇంచుమించు పూర్తిగ చదివి వినిపించిరి.

ఆ కథ ఇది. ఆ విరామపు తొలిభాగమున గ్రీన్లాండు వాయవ్యప్రాంతము ఇటీవలి వేయేండ్ల సగటుకంటె సుమారు 8 డిగ్రీలు హెచ్చు వెచ్చగ నుండెను. ఈ అంచనాలో 4 డిగ్రీల ఎచ్చుతగ్గులకు తావున్నది. పైమంచు వేసవిలో కరగి, మరల గడ్డకట్టిన గుర్తులును ఆ పొరలలో ఉన్నవి. అయినను గ్రీన్లాండు మంచు పూర్తిగ కరగిపోలేదు. లోకమంతటి సగటు చూచినచో, పారిశ్రామికయుగమునకు ముందున్న దానికంటె అర డిగ్రీనుండి ఒకటిన్నర డిగ్రీవరకు మాత్రమే హెచ్చు. ఆ స్వల్పమునకే సముద్రము నేటికంటె 6 మొదలు 9 మీటర్లవరకు ఎత్తున నిలిచెను. బహామా దీవులలోను, ఆస్ట్రేలియా పడమటి తీరమునను ఆనాటి పగడపు దిబ్బలు నేడు అలలు అందని ఎత్తున ఎండి నిలిచియున్నవి. లండను నగరమున ట్రఫాల్గర్ చౌకు వద్ద పునాదులు త్రవ్వగా ఆ కాలపు నీటిగుఱ్ఱముల ఎముకలు దొరకినవి.

ఆ వేడిమికి కారణము తెలియనిది కాదు. ఇప్పుడు భూమి జనవరి మొదటివారమున, అనగా ఉత్తరదేశముల శీతకాలమున, సూర్యునికి మిక్కిలి చేరువగ వచ్చుచున్నది. ఈమియన్ ఆరంభమున ఉత్తరదేశముల వేసవియందే చేరువగ వచ్చుచుండెను. భూకక్ష్యయు నేటికంటె కోలగ నుండెను. అందుచే ఆ ప్రదేశములపై వేసవియెండ సుమారు పదింట ఒకపాలు హెచ్చినది. మంచు కరిగినది, సముద్రము పొంగినది. ఈ హెచ్చుతగ్గులన్నియు వేల ఏండ్లలో జరిగినవి.

మన విరామమును పూర్తిగ నిశ్చలము కాదు. 8,200 ఏండ్ల క్రిందట ఉత్తర అమెరికాలో కరగుచున్న మంచు అడ్డుకొని నిలిపిన మహాసరస్సు గట్టుతెగి సముద్రమున పడెను. ఆ మంచినీరు వెచ్చని సముద్రప్రవాహమును మందగింపజేయగా, గ్రీన్లాండు చుట్టుపట్ల వేడిమి సుమారు 3 డిగ్రీలు పడిపోయి, నూటయేబది ఏండ్లవరకు కోలుకొనలేదు. నేడు ఇసుకయెడారియైన సహారాలో ఒకప్పుడు గడ్డిమైదానములు, చెరువులు ఉండెను. భూమి యిరుసు తలద్రిప్పుటచే ఉత్తరార్ధగోళపు వేసవియెండ సన్నగిల్లగా, సుమారు 5,000 ఏండ్ల క్రిందటికి అవి ఎండిపోయినవి. మేఘాలయలో మామ్లూ గుహయందలి సున్నపురాతి స్తంభము 4,200 ఏండ్ల క్రిందటి వానలేమిని తనలో వ్రాసికొన్నది. ఆ గుర్తునుబట్టియే భూవిజ్ఞానులు అప్పటినుండి నేటివరకు గల కాలమునకు మేఘాలయ యుగమని 2018లో పేరిడిరి.

మన గోదావరియు ఈ సాక్షులలో ఒకతె. గోదావరి తాను పారిన నేలల మట్టినంతటిని తెచ్చి బంగాళాఖాతమున పరచుచున్నది. 2006లో మన దేశమువారు సముద్రగర్భపు ఇంధనవాయువును వెదకుచు గోదావరి ముఖద్వారమునకు ఎదుట సముద్రమున తొలిచి తీసిన బురదను, తరువాత శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఆకులపైనుండు మైనపుపూత వేల ఏండ్లకును చెడక బురదలో నిలుచును. ఆ మైనము తేమనేలల మొక్కలదో, మెట్టనేలల మొక్కలదో అందలి కర్బనమునుబట్టి గుర్తింపవచ్చును. 2012లో వెలువడిన ఆ ఫలితములనుబట్టి, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి గోదావరీ పరివాహకప్రదేశమున ఎండకోర్చు మెట్టమొక్కలు మెల్లగ హెచ్చుచు, 1,700 ఏండ్ల క్రిందటివరకు ఆ పెరుగుదల సాగినది. అనగా మధ్యభారతమునకును, దక్కనుకును వానలు తగ్గినవి. ఇంతటి మార్పు జరిగినను, ఆ కాలమున లోకపు సగటు వేడిమిలో వచ్చిన తేడా ఒక డిగ్రీకి లోపలనే.

ఇప్పుడు పెద్దకుమారుని వాదమునకు వత్తము. ప్రకృతి తనంతట తాను మారిన మాట నిజమే. కాని మంచు చెప్పిన సాక్ష్యమున రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, ఏ గొప్పమార్పును కారణము లేక రాలేదు. ఒకప్పుడు కక్ష్య, ఒకప్పుడు తెగిన సరస్సు, ఏదో ఒకటి త్రోసినది. రెండవది, ఆ త్రోపు చిన్నదైనను ఫలితము పెద్దదైనది. ఒక డిగ్రీ అటునిటు తేడాకే సముద్రము రెండంతస్తుల మేడయెత్తు లేచినది. సగటు ఆమాత్రమైన చలింపకయే వానలు తమ త్రోవ మార్చుకొన్నవి. ఇది మనకు ధైర్యము చెప్పు మాట యెట్లగును? చిన్నత్రోపునకే కదలు బండి వాలుమీద ఉన్నదని తెలిసినవాడు దానిని మరి త్రోయునా?

నేటి త్రోపు దేనిదో కూడ చూడవలెను. కక్ష్య లెక్క ప్రకారము ఉత్తరదేశముల వేసవులు మెల్లగ చల్లబడవలసియున్నవి. సూర్యుని తేజమును 1978నుండి ఉపగ్రహములు కొలుచుచున్నను, వేడిమికి తగిన పెరుగుదల అందు కానరాలేదు. ఇక గాలి సంగతి. దక్షిణధ్రువపు మంచుబుడగలలో 8 లక్షల ఏండ్ల గాలి ఉన్నది. అందు బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లకు 180 మొదలు 300 పాళ్లలోపుననే ఆడుచుండెను. హవాయి ద్వీపమున మౌనాలోవా కొండపై 1958లో కొలత మొదలుపెట్టినపుడు 315 పాళ్లుండెను. నేడు 420 దాటినది. బొగ్గు, చమురు మండించుటయే దీనికి ముఖ్యకారణము. 2011 మొదలు 2020 వరకు గల దశాబ్దమున లోకపు సగటు వేడిమి పారిశ్రామికయుగమునకు ముందున్న దానికంటె 1.1 డిగ్రీలు హెచ్చినది. 2024వ సంవత్సరపు సగటు ఒకటిన్నర డిగ్రీని దాటినది. కడపటి మంచుయుగమునుండి లేచునపుడు 5 మొదలు 7 డిగ్రీలు వేడెక్కుటకు ఆరేడు వేల ఏండ్లు పట్టెను. ఇప్పటి పెరుగుదల నూటయేబది ఏండ్లలోనిది.

అడవిలో పిడుగు పడి నిప్పంటుకొనుట అనాదినుండి ఉన్నదే. అంతమాత్రమున, ఆరని చుట్టముక్కను గడ్డివామిపై పారవేసినవాడు నిర్దోషి యగునా?

రేపే సముద్రము మన గడప తట్టునని మేము చెప్పుటలేదు. మహాహిమరాసులు కరగుటకు శతాబ్దములు, సహస్రాబ్దములు పట్టును. కాని ఒకమారు ఆ కరగుట సాగినచో ఆపుట మనచేతిలో నుండదు. కోనసీమ, దివిసీమ, కొల్లేటి పరిసరములు సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తుననే ఉన్నవని ఆ ప్రాంతపు శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన ఎరిగినవారు నేటికిని దివిసీమలో ఉన్నారు. అట్టి నేలకు ఒక మీటరు కూడ చిన్నమాట కాదు.

గ్రీన్లాండు శిఖరమున ఆనాడు రెండు బృందములవారు ఒకరి ప్రతితో ఒకరు పోల్చుకొని, తప్పు తేలగనే ఒప్పుకొని, మంచి ప్రతికొరకు ఇరువది ఏండ్లు శ్రమించిరి. మన ఇంటిచర్చకును అదియే మార్గము. నాయనమ్మ జ్ఞాపకమును నవ్వి తీసివేయవలదు. దానిని కొలతలతో పోల్చి చూడవలెను. భూమి పూర్వచరిత్రను ఎత్తి చూపిన పెద్దకుమారుని జ్ఞానమును మెచ్చవలసినదే. అయితే ఆ చరిత్రను నడుమ ఆపక కడవరకు చదువుమని ఆయనను కోరుదము. కడవరకు చదివినచో, వెచ్చని విరామము మనకు శాశ్వతముగ వ్రాసి యిచ్చిన ఈనాము కాదని, దానిని జాగ్రత్తగ అనుభవింపవలసిన బాధ్యత మనదేనని ఆయనకే తోచును.